వీధికంతా ఒకటే చెత్త బండి: పది నెలల తర్వాత నా రివ్యూ, 5కి 3

ముందే చెప్పేస్తున్నా, మా వీధి చెత్త ఎత్తే ఆ వెండర్ పేరు ఇక్కడ రాయను. మార్చి ఆఖరు దాకా అగ్రిమెంట్ ఉంది, ఈ రాత్రి కూడా నా మూడు డ్రమ్ములు వాళ్ళే ఎత్తాలి, ఎత్తకపోతే ఎత్తేవాడు ఇంకొకడు లేడు. అసలు ఈ రివ్యూ అంతా ఆ చివరి మాట గురించే.

మాది కనిగిరి పక్కన పల్లె. మారతహళ్ళి దగ్గర మున్నెకొళాలలో ఆంధ్రా మెస్ నడుపుతున్నా, ఎనిమిదేళ్ళవుతోంది. రోజుకి రెండు పూటలా కలిపి మూడొందల భోజనాలు, ఆదివారం చికెన్ ఉంటుంది కాబట్టి ఇంకో యాభై ఎక్కువ. అరిటాకులోనే పెడతాం. ఎందుకు చెప్తున్నానంటే అరిటాకు తినేటప్పుడు బాగానే ఉంటుంది గానీ తిన్నాక మడిచి డ్రమ్ములో పడేస్తే దాని బరువు చూడాలి మీరు. మా వీధిలో మెస్సులు, పీజీలు (అద్దె హాస్టళ్ళు), బేకరీలు, చికెన్ షాపులు, జ్యూస్ సెంటర్లు, కొబ్బరిబోండాల బండ్లు అన్నీ కలిపి నలభై దాకా ఉంటాయి. ఇవన్నీ కలిసి పోయిన ఏప్రిల్ నుంచి చెత్తంతా ఒక్క కంపెనీకే ఇచ్చేట్టు అగ్రిమెంట్ రాసుకున్నాం. చాలామంది వాట్సాప్‌లో ఎలా ఉంది, మా వీధిలో కూడా పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఇది రాస్తున్నా.

అంతకుముందు ఎలా ఉండేదో చెప్పకపోతే ఇప్పటిది అర్థం కాదు. రాత్రి పదకొండున్నరకి హోస్కోటె వైపు నుంచి ఒకాయన టాటా ఏస్‌లో నీలం డ్రమ్ములు వేసుకుని వచ్చేవాడు, అన్నం, సాంబారు, ఆకుల్లో మిగిలినవి, కూరగాయల తొక్కలు అన్నీ ఆయనకే, పందుల ఫారానికి. రూపాయి తీసుకునేవాడు కాదు, పైగా దసరాకి పిల్లల చేతిలో 500 పెట్టేవాడు. చికెన్ షాపుల వ్యర్థాలకి వేరే బండి, దాని వాసన వచ్చాక పది నిమిషాలకి గానీ బండి రాదు, అంత ముందు వస్తుంది. అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, పెరుగు బకెట్లు పాత సామాను ఆయనకి, అదే ఇక్కడోళ్ళు గుజరీ అంటారు కదా, ఆయన నాకు నెలకి 1,800 దాకా ఇచ్చేవాడు. ఇక ఏ బండీ తీసుకోనివి ఉంటాయి, తడిసిన టిష్యూలు, పార్సిల్ కవర్లు, విరిగిన గ్లాసులు. అవి పొద్దున్నే ఇళ్ళకొచ్చే ఆటో టిప్పర్‌కి. దానికి మామూలు, నెలకి ఇంతని చేతిలో పెట్టాలి, లెక్క పత్రం ఏమీ ఉండదు. అన్నీ కూడినా తీసేసినా నా జేబులోంచి నెలకి పెద్దగా పోయేది కాదు. చవకే.

ఎవరికి చవక అంటే నాకు. పీజీల వాళ్ళు, చిన్న టీ కొట్ల వాళ్ళు ఏ బండికీ అందక, రాత్రి పన్నెండు దాటాక స్కూటీ ముందు కాళ్ళ దగ్గర కవరు పెట్టుకుని వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వదిలేసి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నకి కుక్కలు, ఆవులు, ఆ తర్వాత పాపం పౌరకార్మికులు, అదే వీధులు ఊడ్చేవాళ్ళు. మా మెస్సుకి సరిగ్గా ముప్పై అడుగుల దూరం. టిఫిన్‌కి వచ్చిన పిల్లలు ముక్కు మూసుకుని లోపలికి వచ్చేవాళ్ళు, ఒకమ్మాయి గూగుల్‌లో నాకు రెండు స్టార్లిచ్చి 'ఫుడ్ బాగుంది, బయట భరించలేం' అని రాసింది. నా చెత్త కాదమ్మా అని రిప్లై రాద్దామనుకున్నా, కానీ అందులో నాది కూడా కొంత ఉండే ఉంటుంది, సర్వర్ కుర్రాళ్ళు ఏం చేస్తారో అర్ధరాత్రి నేను కాపలా ఉన్నానా.

నేను బెంగుళూరు వచ్చింది 2011లో, వేరేవాళ్ళ మెస్సులో సప్లయర్‌గా. మరుసటి సంవత్సరం చెత్త గొడవ చూశాను. మావళ్ళిపుర డంపు మూతపడింది, మండూరు వాళ్ళు మా ఊరికి మీ చెత్త ఏంటని లారీలకి అడ్డం తిరిగారు, నగరమంతా రోడ్ల మీద గుట్టలు. మండూరులో వెయ్యడం పూర్తిగా ఆపింది 2014 చివర్లో. ఆ తర్వాత హైకోర్టు 2015 డిసెంబర్‌లో రెండు బుట్టలు ఒక సంచి అని ఆర్డర్ ఇచ్చింది, తడికి ఆకుపచ్చ బుట్ట, పనికిరాని దానికి ఎర్ర బుట్ట, పొడికి సంచి. మా పాత ఓనరు ఆ రెండు బుట్టలూ కొన్నాడు, ఒకదాంట్లో ఉల్లిపాయలు పోశాడు, ఒకదాంట్లో వెల్లుల్లి. అందుకని చెత్త విషయంలో కొత్త పథకం అంటే నాకు మొదట నవ్వే వస్తుంది.

సరే అసలు సంగతి. పోయిన ఫిబ్రవరిలో వీధి వాళ్ళందరం ఒక బేకరీ మేడ మీద కూర్చున్నాం. వెండర్ కంపెనీ వాళ్ళు ప్రొజెక్టర్ తెచ్చారు. వాళ్ళు చెప్పిందాంట్లో విషయం ఉంది, కాదనను. నలభై షాపులకి అయిదారు బండ్లు రాత్రంతా తిరిగే బదులు ఒక కాంపాక్టర్ (చెత్తని నొక్కి నింపే లారీ), ఒక చిన్న బండి చాలు, వీధి ఒక్క ట్రిప్పులో అయిపోతుంది, అందరూ ఇస్తేనే రేటు గిట్టుబాటు, సగం మంది ఇచ్చి సగం మంది ఇవ్వకపోతే ఆ సగం చెత్త మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే. అందుకని షరతు: ఎవరూ వేరేవాళ్ళకి ఏమీ ఇవ్వకూడదు. తడి చెత్త కేజీకి 4 రూపాయలు, పొడి చెత్తకి నెలకి 1,500 ఫిక్స్‌డ్, ఒక సంవత్సరం.

'ఏమీ' అంటే అట్టపెట్టెలు కూడా అని మాకు అక్కడ కూర్చున్నప్పుడు వెలగలేదు. ఏప్రిల్ రెండో తారీకు పాత సామాను ఆయన ఎప్పటిలాగే వచ్చి కాటా కొక్కెం తీశాడు, వెండర్ సూపర్‌వైజర్ వచ్చి ఇవి మావి అన్నాడు. నేను డబ్బులు పెట్టి కొన్న నూనె తాలూకు అట్టపెట్టె నీదెట్లా అయిందయ్యా అంటే అగ్రిమెంట్ నాలుగో పేజీ చూపించాడు. పాత సామాను ఆయన ఏమీ అనలేదు. 'సరేలే అన్నా, ఇన్నేళ్ళు ఇచ్చినావు' అని కొక్కెం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు, నిజంగా. నెలకి 1,800 పోయినందుకే కాదు, ఆయన ముఖం చూసి కూడా.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి బయట ఉంచాం, వాడిన నూనె. దానికి ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూల్ ఉంది, 2018 నుంచి, నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టేవి, 25 శాతం దాటితే మళ్ళీ వంటకి వాడకూడదు, దాన్ని బయోడీజిల్‌కి కొనే ఏజెన్సీలు వేరే ఉన్నాయి. అది మాకు కేజీకి ఇంతని డబ్బులిచ్చి పట్టుకెళ్తారు. మా వెండర్‌కి అదీ కావాలనే ఉండింది లెండి.

మంచి చెప్పాలంటే మొదటి రెండు నెలలు నేను నోరు మూసుకున్నా. రాత్రి పదీ నలభైకి బండి వచ్చేది, అయిదు నిమిషాలు అటూ ఇటూ. డ్రమ్ము ఎత్తాక కింద కారిన నీళ్ళ మీద బకెట్‌తో నీళ్ళు కొట్టి చీపురుతో తోసేవాళ్ళు, ఇది అగ్రిమెంట్‌లో లేదు, ఆ బండి మీద వచ్చే అక్క అలవాటు. పావగడ తట్టు ఆమెది. బెంగుళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళ వాళ్ళు చాలామంది, తాతల కాలంలో వచ్చినవాళ్ళు, ఈమె కూడా డ్రైవర్‌తో కన్నడం, నాతో తెలుగు, సూపర్‌వైజర్‌తో ఏమీ మాట్లాడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మేలో నాలుగు పూలకుండీలు పెట్టి సున్నంతో ముగ్గేశారు, ఈ ఊళ్ళో చెత్త గుట్ట తీసేసిన చోటల్లా అదే చేస్తారు కదా, మళ్ళీ వెయ్యడానికి జనానికి మనసు రాకుండా. ముగ్గు మీద ఎవరూ వెయ్యలేదు. ఆ రెండు స్టార్ల అమ్మాయి మళ్ళీ వచ్చింది, స్టార్లు మార్చలేదు గానీ గోంగూర అడిగి వేయించుకుంది.

ఇంక కాటా గురించి. ఇది కాస్త పెద్దగా రాస్తా, ఎవరికైనా పనికొచ్చేది ఇదే.

జులై బిల్లు వచ్చింది. రోజు సగటు 104 కేజీలు. జూన్‌లో కూడా దాదాపు అంతే ఉందిట, నేను మొత్తం చూసి కట్టేశానే తప్ప కేజీలు చూడలేదు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి చల్లగా 'సార్, మీరు బల్క్‌లోకి వచ్చేశారు, వచ్చే నెల నుంచి రేటు 7' అన్నాడు. అప్పుడు అమల్లో ఉన్న 2016 చెత్త రూల్స్ ప్రకారం రోజుకి సగటున 100 కేజీలు దాటితే బల్క్ వేస్ట్ జనరేటర్, అంటే పెద్ద హోటళ్ళు, టెక్ పార్కులు, అపార్ట్‌మెంట్ల లెక్కలో నేను కూడా. చెత్త ఎక్కడ ప్రాసెస్ చేస్తున్నావు, కాయితాలు చూపించు అని రేపు ఎవరైనా వస్తే నా మెస్సులో ఎక్కడ చెయ్యాలి, రైస్ బాయిలర్ పక్కనా? కేజీకి 7 అంటే నెలకి దగ్గర దగ్గర 22,000. రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. మా ఆవిడ ఒక్కటే అడిగింది, 'మనం రోజూ ఎన్ని కేజీలు వండుతున్నామండీ?' బియ్యం, కూరగాయలు, పప్పు అన్నీ లెక్కేసి చూస్తే 104 కేజీలు పారేస్తున్నామంటే వండిందాంట్లో సగం పారేస్తున్నట్టు. ఇడ్లీ పిండి లెక్క కూడా తప్పనిది ఆవిడ, ఊరికే అడగదు.

పొద్దున్నే ఎస్‌పీ రోడ్‌కి వెళ్ళి ప్లాట్‌ఫాం కాటా కొన్నా, 6,500. ఆ రాత్రి మూడు డ్రమ్ములూ ఖాళీవి ముందు తూచా. ఒక్కోటి మూతతో కలిపి 9.5 కేజీలు. వెండర్ షీటులో డ్రమ్ము బరువు 7 అని ప్రింట్ చేసి ఉంది, అందరికీ అదే, వాళ్ళు మొదట చూపించిన కొత్త పల్చటి డ్రమ్ముది. నావి పాత మందపాటివి. అంటే రోజుకి ఏడున్నర కేజీల ప్లాస్టిక్‌కి నేను చెత్త రేటు కడుతున్నా, ఆ ప్లాస్టిక్ మళ్ళీ పొద్దున్న నా దగ్గరే ఉంటుంది! నెలకి 900 రూపాయలు, ఊరికే.

అది పోను, తర్వాత తగ్గిన ఇంకో ఎనిమిదిన్నర కేజీలు నా తప్పే, ఒప్పుకుంటా. డ్రమ్ములు బయట ఉంటాయి, ఒకదాని మూత పగిలింది, జులై వానకి నీళ్ళు నిండాయి. కుర్రాళ్ళు మిగిలిన రసం, మజ్జిగ, పప్పుచారు గిన్నెలతో సహా అందులోనే వంచేస్తున్నారు. ఆ రాత్రి అక్క డ్రమ్ము పట్టుకుని ఎత్తబోయి ఆగి, 'ఏమన్నా ఇంత బరువుండాది, నీళ్ళు ఒంపి పెట్రాదా? మోసేది మేము, కట్టేది నువ్వు' అంది. నాలుగు నెలలుగా వాన నీళ్ళకి, రసానికి కేజీకి 4 చొప్పున కట్టిన మనిషిని నేను. మరుసటి రోజు పాత స్టీలు గంజు ఒకటి తీసుకుని అడుగున మేకుతో బెజ్జాలు కొట్టించి సింకు మీద పెట్టా, ఆకులు, అన్నం ముందు అందులో, నీళ్ళు కారిపోయాక డ్రమ్ములోకి. మూత మార్చా. డ్రమ్ముల మీద ఎర్ర పెయింట్‌తో 9.5 అని రాయించా. సగటు 88కి వచ్చింది, అప్పటి నుంచి 90 దాటలేదు. నెలకి 10,560, పొడిది 1,500 కలిపితే 12,060.

ఏప్రిల్ నుంచి నాలుగు నెలల డ్రమ్ముల తేడా 3,600 వెనక్కివ్వమన్నా. సూపర్‌వైజర్ 'సిస్టంలో 7 ఫీడ్ అయిపోయింది సార్' అంటాడు. సిస్టం అంటే ఎక్సెల్ షీటు, నాకు తెలీదా. మూడు వారాలు తిరిగితే 1,800 తగ్గించారు, రెండు నెలలకి. మిగతా రెండు నెలలకి రాతపూర్వకంగా అప్పుడే కంప్లయింట్ చెయ్యలేదు కదా అన్నారు. తూకం తప్పని అప్పుడు తెలిస్తే కదా కంప్లయింట్ చేసేది. ఇది బయటికి తెలిసేసరికి రాత్రి పదింటికి బేకరీ వాళ్ళు, పీజీ వాళ్ళు వాళ్ళ డ్రమ్ములు దొర్లించుకుంటూ నా కాటా మీదకి వస్తున్నారు, నా మెస్సు ముందు ధర్మకాటా అయిపోయింది, ఒక చికెన్ షాపాయన మాత్రం వద్దులే అన్నాడు, దాన్నేం తూస్తాంలే.

ఇంత జరిగాక కూడా నేను మానేసేవాణ్ణి కాదు. అసలు దెబ్బ అక్టోబర్‌లో తగిలింది. ఆయుధపూజ, అక్టోబర్ 1న. బెంగుళూరులో ఆ రోజు సంగతి తెలిసిందే, ప్రతి షాపు ముందు, ప్రతి బండి ముందు కుంకుమ పోసిన బూడిద గుమ్మడికాయ పగలాలి, అరటి పిలకలు, బంతిపూలు, మామిడాకులు, నిమ్మకాయలు, మామూలు చెత్తకి రెండింతలు. ఆ రాత్రి బండి రాలేదు. ఫోన్ చేస్తే డ్రైవర్లు పండక్కి ఊళ్ళకి పోయారన్నారు. మర్నాడు దసరా, రాలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి నా డ్రమ్ముల మూతలు పైకి లేచాయి, ఆకుల కింద నుంచి తెల్లటి పురుగులు గోడ ఎక్కడం మొదలుపెట్టాయి, కౌంటర్ దాకా వాసన. ముగ్గేసిన చోట ఎవరో మొదటి కవరు పెట్టారు. సాయంత్రానికి పన్నెండు కవర్లు.

అప్పుడు హోస్కోటె ఆయనకి ఫోన్ చేశా, ఇంకెవరున్నారు. పాపం తిట్టలేదు. 'అన్నా, నా రూటు ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు, ఆ డ్రమ్ములు అక్కడ హోటళ్ళకిచ్చేశా, మీ ఒక్కరి కోసం డీజిల్ పెట్టుకుని ఎట్లా వచ్చేది' అన్నాడు. చికెన్ వ్యర్థాల బండాయన ఆ పనే మానేశాడట. పాత సామాను ఆయన నంబర్ పనిచెయ్యట్లేదు. పొద్దున ఆటో టిప్పర్‌ని అడిగితే, 'మీది ప్రైవేట్ సార్, లిస్టులో తీసేశారు' అన్నాడు. ఎవరికి కంప్లయింట్ చెయ్యాలో కూడా అయోమయం, 2025 సెప్టెంబర్‌లోనే బీబీఎంపీ (నగర పాలక సంస్థ) పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, పాత హెల్త్ ఇన్‌స్పెక్టర్‌కి చేస్తే నేనిప్పుడు అక్కడ లేనన్నాడు. సంతకం పెట్టేటప్పుడు ఒక సంవత్సరమే కదా, బాగోకపోతే పాత పద్ధతికి పోదాం అనుకున్నాం అందరం. ఆరు నెలల్లో ఆ పాత పద్ధతి పోవడానికి చోటు లేకుండా అయిపోయింది. అగ్రిమెంట్‌లో ఏ పేజీలోనూ లేని షరతు ఇది.

నాలుగో తారీకు తెల్లవారుజామున బండి వచ్చింది. అక్క ఒక్కతే ఇద్దరి పని చేసింది, పురుగులని చూసి మొహం తిప్పుకోలేదు. ఆ నెల బిల్లులో ఆ రెండు రాత్రుల చెత్త కూడా కేజీల లెక్కన పూర్తిగా ఉంది, కుళ్ళి నీళ్ళెక్కిన బరువుతో సహా. రానందుకు జరిమానా ఏదీ అని అడిగితే అలాంటి క్లాజ్ లేదు సార్ అన్నారు. నిజమే, లేదు. మేం పెట్టలేదు.

మా బావమరిది అమెరికాలో, శాన్ హోసేలో ఒక బిర్యానీ హోటల్‌లో పార్ట్‌నర్. ఆ వారమే ఫోన్ చేశాడు, నా ఏడుపు విని నవ్వాడు. 'బావా, ఇక్కడ వీధి కాదు, ఊరు మొత్తం అంతే' అన్నాడు. నిజంగానే అక్కడ 2012 జులై నుంచి షాపులు, హోటళ్ళు, ఆఫీసులు అన్నిటి చెత్తకీ ఒకే కంపెనీ, అంతకుముందు మన వీధిలాగే బోలెడు కంపెనీలు తిరిగేవట. తడి ఒక డబ్బా, పొడి ఒక డబ్బా, వాళ్ళు కూడా వెట్, డ్రై అనే అంటారట, తడిదాంతో గ్యాస్ తీసే ప్లాంటు ఊళ్ళోనే కట్టారు. కానీ రేటు కంపెనీ ఇష్టం కాదు, సిటీ కౌన్సిల్ ఆమోదించాలి. నీకు నచ్చకపోతే ఏం చేస్తావురా అంటే 'చేసేదేముంది బావా, సిటీకి కంప్లయింట్ పెడతా' అన్నాడు. మనకి ఆ సిటీ స్థానంలో ఉంది బేకరీ మేడ మీద కూర్చున్న మేమే, అదీ తేడా.

తర్వాత నేనూ రాత్రిళ్ళు గల్లా లెక్కలయ్యాక కూర్చుని చదివా, చెత్త గురించి ఇంత చదువుతానని ఎప్పుడూ అనుకోలేదు. లాస్ ఏంజెలెస్‌లో 2017లో ఊరిని 11 జోన్లు చేసి 7 కంపెనీలకి పంచారు, జోన్‌కి ఒక్కటే. మొదలైన నెలల్లోనే బిల్లులు పెరిగాయని గోల, డబ్బా రోడ్డు నుంచి దూరంగా ఉంటే దానికి ఛార్జి, గేటు తాళం తియ్యాలంటే దానికి ఛార్జి. నా 7 కేజీల డ్రమ్ముకి అన్నదమ్ములు! న్యూయార్క్ వాళ్ళు 2019లో చట్టం చేసి 20 జోన్లు పెట్టారు, అయితే జోన్‌కి మూడు కంపెనీల దాకా ఉండొచ్చు. అది నాకు నచ్చింది. బండ్లు తగ్గుతాయి, అయినా ఒకడు రాకపోతే పిలవడానికి ఇంకొకడు ఉంటాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో దశాబ్దాలుగా ఒకటే కంపెనీ, అందరూ ఆదర్శం అంటారు, అక్కడే రేటు లెక్కల్లో ఆదాయం సరిగ్గా చూపక జనం దగ్గర ఎక్కువ వసూలైందని బయటపడి 2021లో 9.45 కోట్ల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద ఊళ్ళో, అన్ని ఆడిట్ల మధ్య, లెక్క దగ్గరే తేడా. నాకు 1,800 అయినా వచ్చాయి, అదృష్టవంతుణ్ణే.

ఇంకో కడుపుమంట ఉంది, ఇది వెండర్‌ది కాదు కాబట్టి స్టార్లలో కలపను. 2025 ఏప్రిల్ నుంచి ప్రాపర్టీ ట్యాక్స్‌తో పాటు చెత్త ఫీజు కూడా వసూలు చేస్తున్నారు, బిల్డింగ్ ఓనరు అది నా అద్దెలో కలిపాడు. వెండర్‌కి వేరే కడుతున్నా కదా అంటే 'అది నీకూ వాళ్ళకీ మధ్య' అన్నాడు. ఒకే ఆకుకి రెండుసార్లు కడుతున్నా.

సర్వీసు మీద నా లెక్క ఇది. టైముకి రావడం, వీధి శుభ్రం, బండి మీద మనుషులు, వీటికి మూడు స్టార్లు, ఆ మూడూ నిజానికి అక్కకి, డ్రైవర్‌కి. కాటాకి ఒకటి పోయింది, దసరాకి ఒకటి పోయింది. మీ వీధిలో పెట్టుకోవాలంటే పెట్టుకోండి, వద్దని చెప్పను, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆ గుట్ట చూసినవాడెవడూ వద్దనడు. కానీ సంతకానికి ముందు డ్రమ్ములు ఎవరివి వాళ్ళవి ఖాళీగా తూయించి బరువు వాటి మీదే రాయించండి, తూకం మీ గుమ్మం దగ్గర, మీ కళ్ళ ముందు జరగాలని రాయించండి, బండిలో ఎక్కాక కాదు. బండి రాని రాత్రికి ఇంత అని జరిమానా, రెండు రాత్రులు రాకపోతే ఎవరినైనా పిలుచుకునే హక్కు. అట్టపెట్టెలు, నూనె బయట ఉంచుకోండి, ఆ పాత సామాను ఆయన్ని పోగొట్టుకోకండి, నాలాగా తర్వాత వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంకా వీలైతే వీధిని రెండు ముక్కలు చేసి ఇద్దరికివ్వండి, రేటు కేజీకి ఒక అర్ధరూపాయి ఎక్కువైనా పర్లేదు. మా రెన్యువల్ మీటింగ్ వచ్చే వారం, నేనదే అడగబోతున్నా, సగం మంది ఎందుకొచ్చిన గొడవ అంటున్నారు, చూడాలి.

కాటా ఏ షాపులో కొన్నావని కూడా అడుగుతున్నారు. ఏదైనా ఒకటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మీ కాటా చెల్లదంటాడు వెండర్, నాతో మొదటి మాట అదే అన్నాడు. నాది ముద్ర ఉన్నదే. ఇప్పుడది గుమ్మం పక్కనే ఉంటుంది, దానికో నోటుబుక్కు, పురికొసతో కట్టిన పెన్సిలు. అక్క తూస్తుంది, నేను రాస్తా, ఇద్దరం సంతకం, ఆమెకి సంతకం వచ్చు, నాకంటే గుండ్రంగా పెడుతుంది. నిన్న రాత్రి 86.4. 'తగ్గిందే అన్నా, బేరాలు లేవా?' అంది. శివరాత్రి అక్కా, సగం మంది ఉపవాసం అన్నా.